ఎన్నికైనవారు చెప్పవలసిన లెక్క
వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము



ఈ మహాసభయందు స్థానిక స్వపరిపాలనమునుగూర్చి కొంత చెప్పుమని కార్యదర్శిగారు నన్నాదేశించిరి. నేను జీవితమంతయు సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొన్న బడిపంతులను. రాజకీయములలో నాకు ప్రవేశము లేదు. కావున ఆ పెద్ద విషయమునంతయు మోయజాలక, దానిలో నొక కొనను మాత్రము పట్టుకొందును. ఎన్నికైన స్థానిక ప్రతినిధి తన్ను ఎన్నుకొన్న ప్రజలకు ఏమి తెలుపవలయును, ఎప్పుడు తెలుపవలయును, తెలుపనిచో ఏమగును అనునదియే నా ప్రసంగము. ఈ యుదయముననే మనవారిలో సర్పంచులుగను, మండల పరిషత్తు సభ్యులుగను ఎన్నికైనవారిని వేదికపైకి పిలిచి శాలువలు కప్పితిమి. ఆ శాలువలు ఇంకను మడత పెట్టకముందే లెక్కల మాట యెత్తుట మర్యాద గాదని కొందఱకు దోపవచ్చును. ఉపాధ్యాయునకు పరీక్షల మాట యెత్తక ప్రొద్దు గడవదు, క్షమింతురుగాక.

మా యమ్మాయి కాపురము అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి శాంటాక్లారా కౌంటీలో నున్నది. నేనచ్చట ఆఱు నెలలుంటిని. ఈ సభలో కూర్చున్నవారి పిల్లలెందఱో ఆ ప్రాంతముననే కాక టెక్సాసులోని కాలిన్ కౌంటీ, న్యూజెర్సీలోని మిడిల్‌సెక్స్ కౌంటీ, జార్జియాలోని ఫోర్సైత్ కౌంటీ మొదలగు చోట్లను నివసించుచున్నారు. వారి యూరి పేరును, పనిచేయు కంపెనీ పేరును మనకు కంఠస్థములు. వారు ఇంటిపన్ను చెల్లించు కౌంటీ యననేమో అడిగినచో మనలో ననేకులు తెల్లమొగము వేయుదురు. ముందు దానిని గొంచెము వివరించెదను.

ఇంగ్లండు దేశమున పూర్వము షైర్ అనబడిన విభాగమునకే నార్మనులు వచ్చిన పిమ్మట కౌంటీ యను పేరు కలిగెను. షైరులో రాజు తరఫున వ్యవహరించు రీవ్ అను నుద్యోగి పేరే మాఱి మాఱి నేటి షెరిఫ్ అయ్యెను. ఆంగ్లేయులు ఈ యేర్పాటును సముద్రము దాటించి తమ వలసరాజ్యములకు గొనిపోయిరి. 1634 లో వర్జీనియా ఎనిమిది షైరులుగా విభజింపబడెను. ఇప్పుడు అమెరికాలో కౌంటీలును, వానికి సమానములగు విభాగములును కలిసి మూడువేల నూటికి పైగా కలవు. లూసియానాలో వానిని పారిష్ లందురు, అలాస్కాలో బరోలందురు. కనెక్టికట్ రాష్ట్రము 1960 లో కౌంటీ ప్రభుత్వములనే తీసివైచినది. ఇక పరిమాణమున నొకదానికి నొకదానికి పొంతన లేదు. లాస్ ఏంజెలిస్ కౌంటీలో దాదాపు కోటి జనమున్నారు. టెక్సాసులోని లవింగ్ కౌంటీలో 2020 జనాభా లెక్కలలో తేలినవారు 64 మంది. మన యూళ్లలో నొక్కొక్క పెండ్లిపందిటిలో వంటవారే అంతమంది యుందురు.

మన జిల్లాకును ఆ కౌంటీకిని పైకి పోలిక కనబడును గాని, ముఖ్యమైన భేదమొకటి కలదు. మన జిల్లాకు కలెక్టరు పైనుండి నియమింపబడి వచ్చును. అచ్చట కౌంటీ పెద్దలను క్రిందివారు ఎన్నుకొందురు. కాలిఫోర్నియాలో 58 కౌంటీలు కలవు. శాన్‌ఫ్రాన్సిస్కో తప్ప, సామాన్యముగా నొక్కొక్కదానిని అయిదుగురు సూపర్వైజరుల మండలి పాలించుచున్నది. ఒక్కొక్కరు ఒక్కొక్క విభాగమునుండి నాలుగేండ్లకు ఎన్నికగుదురు. బ్యాలెటు కాగితముపై వారి పేరునకు ప్రక్క పార్టీ పేరుండదు; మన గ్రామ పంచాయతీ యెన్నికలును పార్టీ గుర్తులు లేకయే కదా జరుగుచున్నవి! షెరిఫ్, ఆస్తుల విలువ గట్టు అసెసరు, నేరములపై అభియోగము నడపు డిస్ట్రిక్టు అటార్నీ వీరును ప్రత్యేకముగా ప్రజలచే ఎన్నికగుదురు. చెఱసాల, ప్రజారోగ్యము, దస్తావేజుల దాఖలు, ఎన్నికల నిర్వహణము, పురపాలక సంఘములు లేని పల్లెపట్టుల రహదారులు, పేదలకు వైద్యము, గ్రంథాలయములు ఇవి కౌంటీ చేయు పనులు. ఆస్తిపన్ను వసూలు చేయుటయు దానిదే. 1978 లో ప్రజలు ప్రత్యక్షముగా వోటు వేసి చేసికొన్న శాసనమువలన ఆ పన్ను ఆస్తి విలువలో నూటికి ఒకటికి మించరాదు. అప్పు బాండ్లనిమిత్తము ప్రజలొప్పుకొన్నది దానిపై వేఱుగా చేరును. పన్ను చీటీపై ఆ వివరములు విడివిడిగా వ్రాయబడి యుండును. మా యల్లుడు శాంతస్వభావుడు. ఐనను నవంబరులో ఆ చీటీ వచ్చిననాడు కండ్లజోడు తుడిచికొని ప్రతి పంక్తియు రెండుమాఱులు చదువుట చూచితిని. తన సంచిలోనుండి రూక పోయినప్పుడు ఎట్టివానికైనను లెక్కలపై ప్రీతి పుట్టును.

ఆ సూపర్వైజరులలో ననేకులు తమ విభాగపు ప్రజలకు అప్పుడప్పుడు వార్తాపత్రము పంపుదురు. నేను మొదట వానిని చూచినప్పుడు నాకు రుచింపలేదు. రిబ్బను కత్తిరించుట, బడిపిల్లలతో నవ్వుట, మొక్క నాటుట ఇట్టి ఛాయాచిత్రములు అచ్చటను తక్కువ లేవు. ఆత్మస్తుతి ఏ దేశమందైనను నొకే భాష మాటలాడును. కాని ఓపికతో క్రింది భాగము చదువగా, అందులో నుండవలసినవి కొన్ని యుండుట గనుగొంటిని. రాబోవు సమావేశము ఏ తేదీన ఏ గంటకు జరుగును, అందేయే విషయములు నిర్ణయమునకు వచ్చును, బడ్జెటుపై ప్రజల మాట వినుట ఎన్నడు, ఏ రహదారి యెన్నాళ్లు మూసియుండును, కార్చిచ్చు భయము గల మాసములలో ఇంటిచుట్టు గడ్డి నెట్లు తొలగింపవలయును, ఫిర్యాదు ఎవరికి చేయవలయును, ఇత్యాదులు. అచ్చట ఆర్థిక సంవత్సరము జూలై 1 వ తేదీన మొదలగును గనుక, వేసవిలో బడ్జెటు విచారణ తేదీలు ముందుగనే ప్రకటింపబడును. ప్రతినిధి తాను చేసినదానిని చెప్పుకొనుట సులభము. ఇంకను చేయనిదానిని, చేయదలచినదానిని ముందుగా చెప్పుట కష్టము. ఏలయన వద్దనువాడు లేచి రావచ్చును. ఆ పత్రములలో నాకు విలువ గలదిగా దోచిన భాగమిదియే.

ఇది ఆ ప్రతినిధుల మంచితనమువలన మాత్రమే కలిగినది కాదు. 1952 లో శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్ అను పత్రిక, స్థానిక సంఘములు ప్రజలకు తెలియకుండ రహస్యముగా కూడి నిర్ణయములు చేయుచున్నవని వరుసగా వ్యాసములు ప్రకటించెను. దానిపై 1953 లో కాలిఫోర్నియా శాసనసభ యొక చట్టము చేసెను. ప్రతిపాదించిన సభ్యుని పేర దానిని బ్రౌన్ చట్టమందురు. దాని ప్రకారము క్రమసమావేశమునకు 72 గంటలు ముందుగా విషయసూచిక అందఱకు కనబడునట్లు ప్రకటింపవలయును. సూచికలో లేనిదానిని, చట్టమున చెప్పిన కొన్ని సందర్భములందు దప్ప, నిర్ణయింపరాదు. సభ్యులలో నెక్కువమంది కాఫీ త్రాగుచు చాటున మాటలాడి యొక నిశ్చయమునకు రాగూడదు. ఒకరితరువాత నొకరికి టెలిఫోనులో చెప్పి కూడబలికికొనుటయు నిషిద్ధమే. ఎవరైనను లేచి తమ మాట చెప్పుకొనవచ్చును. సామాన్యముగా రెండు మూడు నిమిషముల గడువిత్తురు. మన సభలలో అధ్యక్షుని వందనసమర్పణమునకే అంతకంటె నెక్కువ పట్టును.

ఐనను చట్టమున్నంతమాత్రమున సర్వము సవ్యముగా నడచునని భ్రమపడరాదు. లాస్ ఏంజెలిస్ కౌంటీలో బెల్ అను చిన్న పట్టణము కలదు. ఇది కౌంటీ మండలి సంగతి గాదు, పురపాలక సంఘపు సంగతి. మన విషయమునకు మిక్కిలి దగ్గఱది గనుక చెప్పుచున్నాను. అచ్చట సుమారు 36 వేల జనము, అందులో ననేకులు చిన్న సంపాదనల శ్రామికులు. 2005 లో నొక ప్రత్యేక ఎన్నిక జరిపి ఆ పట్టణము స్వంత పాలనాపత్రము చేసికొనెను. ఆ యెన్నికలో వోటు వేసినవారు 400 మందియైనను లేరు. దానితో సభ్యుల జీతములకు రాష్ట్రచట్టము పెట్టిన హద్దు తొలగిపోయెను. 2010 జూలైలో లాస్ ఏంజెలిస్ టైమ్స్ పత్రిక బయటపెట్టువఱకు, ఆ బీదపట్టణపు నిర్వాహకుడు ఏటికి దాదాపు 8 లక్షల డాలర్లు గ్రహించుచుండెను. సభ్యులలో ననేకులు కొద్ది నిమిషములు కూర్చుండు సమావేశములకుగాను దాదాపు లక్ష డాలర్లు గైకొనుచుండిరి. పిదప వారిపై నేరము మోపబడి, నిర్వాహకునకు 2014 లో 12 ఏండ్ల కారాగారశిక్ష పడెను. బ్రౌన్ చట్టము ఆ పట్టణమునను అమలులోనే యున్నది. కాని ఏండ్ల తరబడి అడుగవచ్చినవారు లేరు.

మన దేశపు వారికి ఈ లెక్కచెప్పు ధర్మమును పడమటివారు వచ్చి నేర్పవలసిన పనిలేదు. కౌటిల్యుడు అర్థశాస్త్రపు రెండవ యధికరణమున లెక్కలుంచు నధికారులందఱును ఆషాఢమాసమున తమ లెక్కలతో రావలయునని విధించినాడు. అది రాజునకు చెప్పు లెక్క. గ్రామస్థులకు గ్రామస్థులే చెప్పు లెక్కకు నిదర్శనము కావలసినచో కాంచీపురము జిల్లాలోని ఉత్తరమేరూరునకు పోవలయును. అచ్చటి వైకుంఠపెరుమాళ్ ఆలయపు గోడలపై పరాంతకచోళుని కాలమున, క్రీ.శ. 919, 921 ప్రాంతమున, చెక్కించిన శాసనములు నేటికిని కలవు. గ్రామము 30 భాగములుగా విభజింపబడెను. అర్హులైనవారి పేర్లు ఆకులపై వ్రాసి కుండలో వేసి, ఏమియు నెఱుగని బాలునిచే నొక యాకు తీయించి, ఆ పేరుగలవానిని సభ్యునిగా నిర్ణయించెడివారు. ఏటి వ్యవహారములకొక సంఘము, తోటలకొకటి, చెఱువునకొకటి, బంగారమునకొకటి ఇట్లు సంఘములుండెను.

అది అగ్రహారము. పన్ను చెల్లించు భూమియు, స్వంత గృహమును, వేదవిద్యయు గలిగి, 35 మొదలు 70 ఏండ్ల లోపు వయసున్న పురుషులకే అందులో స్థానము. తక్కిన ప్రజలకును, స్త్రీలకును చోటులేదు. ఆ లోపమును కప్పిపుచ్చి దానిని సంపూర్ణ ప్రజాస్వామ్యమని పొగడువారితో నేను ఏకీభవింపను. ఐనను ఆ శాసనమున నొక నిబంధన కలదు. దానిని ఈ కులమహాసభలో చెప్పుటకే నేనింత దూరము మిమ్ము నడిపించి తెచ్చితిని. ఇదివఱకు సంఘములలో సభ్యుడైయుండి లెక్కలు ఒప్పగింపనివాడు మఱల కుండలో పేరు వేయుటకు అర్హుడు గాడు. వానితో నాగలేదు. వాని తండ్రి, కొడుకులు, అన్నదమ్ములు, మేనమామ, మామగారు, బావమఱదులు, అల్లుడు, మేనత్త కొడుకులు, పినతల్లి పెదతల్లి కొడుకులు, మేనల్లుండ్రు వీరందఱును అనర్హులే. ఒకడు లెక్క చెప్పకున్న నింటిల్లిపాదికి, వియ్యాలవారికిని తలుపు మూసికొనును. నేడు మనము ఒకడెన్నికగుటతోడనే ఆ వరుసలోనివారందఱకును తలుపు తెఱచికొన్నదని తలంచుచున్నాము. ఆ కాలమున బంధుత్వము జామీను. ఇప్పుడు మనము దానిని సిఫారసుగా మార్చికొంటిమి.

ఇక మన ప్రాంతపు చరిత్ర క్లుప్తముగా చెప్పి ముందునకు పోవుదును. 1882 లో రిప్పను ప్రభువు స్థానిక స్వపరిపాలనమునుగూర్చి చేసిన తీర్మానము, 1884 నాటి మద్రాసు స్థానిక బోర్డుల చట్టము, 1920 లో దానికి వచ్చిన మార్పులు అందఱకును తెలిసినవే. ప్రజలనడుగక స్థానిక ప్రభుత్వమును నెత్తిన రుద్దినచో ఏమగునో 1921 లో చీరాల పేరాల ప్రజలు చూపించిరి. పురపాలక సంఘపు పన్ను భారమును సహింపక దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు వాకిండ్లు విడిచి, రామనగరమను పేర పాకలు వేసికొని నెలల తరబడి కాపురముండిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1959 అక్టోబరు 11 వ తేదీన షాద్‌నగరులో జవహర్‌లాల్ నెహ్రూగారు ఆంధ్రప్రదేశమున పంచాయతీరాజ్యమును ప్రారంభించిరి. 1986 లో సమితులకు బదులు మండలములు వచ్చెను. 73 వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చి, గ్రామసభకు రాజ్యాంగముననే చోటిచ్చెను.

దానిననుసరించి చేసిన 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టమున, గ్రామసభ యెదుట ఏమేమి యుంచవలయునో వ్రాయబడినది. ఏటి జమాఖర్చుల పట్టిక, ఆడిటు నివేదిక, గడచిన సంవత్సరపు పరిపాలన నివేదిక, రాబోవు సంవత్సరపు పనులు, క్రొత్త పన్నులు, సహాయము పొందదగినవారి ఎంపిక ఇవి యందుండును. తెలంగాణమున 2018 లో చేసికొన్న చట్టము గ్రామసభను రెండు నెలలకొకమాఱు జరుపుమన్నది. అనగా శాంటాక్లారాలో సూపర్వైజరు పంపు పత్రమునకంటె ఘనమైన యేర్పాటు మనకు చట్టమున నున్నది. వారు కాగితము పంపుదురు. మన సర్పంచి మనుష్యుల మొగము చూచి నోటితో చెప్పవలయును.

ఆచరణ యెట్లున్నదందురా? నేను పనిచేసిన యొక గ్రామమున, పేరు చెప్పనక్కఱలేదు, గ్రామసభ జరిగినదని దండోరా గాని నోటీసు గాని నేనెఱుగను. సభ జరిగినట్లు తీర్మానముల పుస్తకములో వ్రాసికొని, పిదప నొక మనుష్యుడు సిరాదిండుతో ఇల్లిల్లు దిరిగి సంతకములును వేలిముద్రలును సేకరించుట మాత్రము చూచితిని. అరుగుపై కూర్చుండి పేలాలు తినుచున్న యొక ముసలమ్మ, ఇది దేనికని యడుగగా, "సభకు వచ్చితివి గదా, అందుకు" అని యతడు చెప్పెను. ఆమె నవ్వుచు వ్రేలు చాచెను. ఆమె నిరక్షరాస్య; ఆమెను నిందింపను. చదువుకొన్నవారును అదే పుస్తకమున నదే విధముగా వ్రాలు చేసిరి.

ఇట్లు జరుగుటకు సర్పంచులు మాత్రమే కారకులు గారు. వారిపై మనము మోపు పనులు వేఱు. మనవాడు గెలిచెను గనుక మన వీధికి ముందు సిమెంటు రోడ్డు, మన బజారునకు ముందు కుళాయి, మన కుఱ్ఱవానికి పంచాయతీలో నొక కొలువు అని యడుగబోవుదుము. ఎంత ధనము వచ్చినది, ఎంత ఖర్చైనది యని యడుగబోయినవారు మనలో నెందఱు? పదునైదవ ఆర్థిక సంఘము 2021 మొదలు 2026 వఱకు స్థానిక సంఘములకిచ్చిన నిధులలో నూటికి 60 వంతులు నీటికిని పారిశుద్ధ్యమునకును మాత్రమే వినియోగింపవలెనని నిబంధన పెట్టెను. ఆ సంగతి మన యూళ్లలో నెందఱకు తెలియును? తెలిసియున్నచో ఎండిన బోరింగు ప్రక్కన కట్టిన స్వాగతద్వారమును చూచి యూరకుండగలమా? 2020 నుండి ఈ-గ్రామస్వరాజ్ అను పేర పంచాయతీల జమాఖర్చులు కంప్యూటరులో నెవరైనను చూచునట్లు ప్రభుత్వము ఏర్పాటు చేసినది. మన పిల్లలు చేతిలోని ఫోనుతో ప్రపంచమంతయు చూచుచున్నారు. ఒక్కమాఱు తాతగారి యూరి లెక్కలును చూచి తాతగారికి చదివి వినిపింపుమనుడు.

మఱియొక సంగతి. మనవాడు మన వోట్లతోనే గెలువలేదు. మన కులమువారు వేళ్లమీద లెక్కింపదగినంతమంది యున్న గ్రామములలో సైతము మనవారు సర్పంచులైనారు. తక్కిన కులములవారు నమ్మి వోటు వేసిరి. దళితవాడ ప్రజలు మనతో సమానముగా ఇంటిపన్ను చెల్లించుచున్నారు. ఆ పన్నుతో మన వీధి దీపము ముందు వెలిగినచో, వచ్చు నెన్నికలో ఓడిపోవుదుమను భయమును మాట దేవుడెఱుగును, అది పరుల సొమ్ము. ఈ మాట కులసభలో చెప్పరాదని నాకొక మిత్రుడు నిన్న రాత్రి హితవు చెప్పెను. బయట చెప్పినచో పరులు వినునదే గాని మనవారు వినరు. కావున నిచ్చటనే చెప్పుచున్నాను.

స్థానిక సంఘములలో సగము స్థానములు స్త్రీలకు వచ్చినవి. నేడు వేదికనెక్కిన సోదరీమణులు నన్ను మన్నింతురుగాక. సన్మానపత్రము మీ పేర చదువగా, శాలువ కప్పుటకు మీ భర్తగారు మెడ వంచుట ఒకటి రెండు చోట్ల చూచితిని. సభలోని వారందఱు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. గ్రామసభలో లెక్కలు మీరే చదువుడు. తడబడినను నష్టము లేదు. నా తరగతిలో మొదట తడబడిన బాలికలే పిదప శ్లోకము తప్పులేక చదివెడివారు.

ఇట్లు పరులనడుగుటకు ముందు మన యింటి సంగతియు చూచికొనవలయును. మన సంఘమునకు విద్యార్థి వసతిగృహ నిధి కలదు, చందాలు వచ్చుచున్నవి, దాతల పేర్లు ఈ సంచికలో ముందు పుటలలో అచ్చగుచున్నవి. జమాఖర్చుల పట్టిక మాత్రము అచ్చగుట లేదు. కోశాధికారిగారు నిష్కల్మషులని నాకు నమ్మకము కలదు, ఆ నమ్మకమునుబట్టియే అచ్చు వేయుమని కోరుచున్నాను.

కావున ఈ మహాసభ ఎదుట నొక తీర్మానము ప్రతిపాదించుచున్నాను. వచ్చు సంవత్సరమునుండి మన సంచికలో మొదట సంఘపు ఏటి జమాఖర్చులు అచ్చు వేయవలయును. పిదప మనవారిలో స్థానిక సంఘములకు ఎన్నికైన ప్రతివారికిని ఒక్కొక్క పుట కేటాయింపవలయును. ఛాయాచిత్రమునకు స్థలముండదు. గ్రామసభలు ఏయే తేదీలలో జరిగినవి, ఎందఱు వచ్చిరి, వచ్చిన సొమ్మెంత, దేనికెంత వెచ్చించిరి, తలపెట్టి చేయలేకపోయిన పనులేవి, ఆడిటువారు చేసిన ఆక్షేపణలేవి, ఊరిలో ఏ వాడకు ఏ పని జరిగినది, ఈ వివరములు మాత్రము అందులో నుండవలయును. ఆ పుటను అచ్చునకు పంపుటకు ముందే వారి గ్రామ చావడి గోడకు నొక ప్రతి అంటింపవలయును. పుట పంపినవారికి మహాసభలో శాలువ. పంపనివారికి సాదరముగా కుర్చీ మాత్రమే.

ఈ తీర్మానపు పాఠమును వ్రాసి కార్యదర్శిగారికి ఇచ్చితిని. భోజనానంతరము మూడు గంటలకు విషయనిర్ణాయక సభలో చర్చకు పెట్టుటకు వారంగీకరించిరి. దీనిని బలపఱచువారును, ఆక్షేపించువారును ఆ సభకు దయచేయ ప్రార్థన.